తొమ్మిదో పేజీలో చప్పట్లు

వెల్డా స్టిడమ్‌కు యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్ఫై ఒకటి హాల్‌స్టెడ్ కౌంటీ కోర్టులో, జడ్జి బల్లకు దిగువన, ఒక చిన్న స్టెనో మెషీన్ ముందు గడిచిపోయాయి. ఆ గదిలో ఎవరు నోరు విప్పినా ఆ మాట ఆమె వేళ్ళలోంచి రికార్డులోకి పోవాలి. లాయర్లు ఒకరి మీద ఒకరు ఒంటికాలి మీద లేచినా, సాక్షి వెక్కివెక్కి ఏడ్చినా, జడ్జి డిట్మర్ విసుక్కున్నా ఆమె ముఖంలో మాత్రం ఏ మార్పూ ఉండేది కాదు. కొత్తగా వచ్చిన లాయర్లు ఆమెను కూడా కుర్చీలు, బల్లలు, జెండాలతో కలిపి సామాను కిందే జమకట్టేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఏమీ అనిపించేది కాదు.

"రోజూ ఆ ఘోరాలన్నీ వింటూ ఎలా ఉంటావు వెల్డా?" అని చర్చిలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు.

"నేను వినను. రాస్తా," అనేది.

గొప్పకు చెప్పిన మాట కాదది. మాట చెవిలో పడేది, వేళ్ళలోంచి బయటికి పోయేది, మధ్యలో ఎక్కడా ఆగేది కాదు. మొదట్లో ఆగేది. చేరిన కొత్తలో ఒక పసిబిడ్డ కేసు నడుస్తుంటే మధ్యాహ్నం విరామంలో బాత్రూంలోకి పరిగెత్తి తిన్నదంతా కక్కుకుంది. పోనుపోను ఆ బాధ వదిలింది. పీడ విరగడైంది అనుకుంది. భర్త రోలండ్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయిన రోజు కూడా కంట్లో చుక్క నీరు రాకపోయేసరికి అప్పుడు మాత్రం కాస్త భయపడింది. అయినా నాలుగో రోజు పనిలోకి వెళ్ళింది.

రోలండ్ మంచం పట్టిన ఆఖరి ఏడాది ఆ ఇంటికి మందులు తెచ్చింది ఆర్విల్ హాస్. మెయిన్ వీధిలో మందుల షాపు ఆయనది. సాయంత్రం షాపు మూసేశాక, మంచు పడుతున్నా మానకుండా, తన పాత కారులో వచ్చి వంటింటి గుమ్మంలో సంచి ఇచ్చి పోయేవాడు. "మీకెందుకండీ ఇంత శ్రమ" అంటే "ఇటే పోతున్నానమ్మా" అనేవాడు. ఆయన ఇల్లు ఊరికి ఆ చివర, వెల్డా ఇల్లు ఈ చివర. అలాంటి మనిషిని ఆగస్టులో ఎవడో నొప్పి మాత్రల కోసం షాపు వెనక తలుపు పగలగొట్టి, అడ్డొచ్చినందుకు తల మీద కొట్టి చంపాడు. ఊరు ఊరంతా అట్టుడికిపోయింది.

తొమ్మిది రోజులు తిరిగేసరికి షెరీఫ్ రాయ్స్ టాకెట్ ఇంటికప్పులు వేసే కెండల్ ఫుగేట్ అనే ముప్ఫై ఆరేళ్ళ మనిషిని పట్టుకున్నాడు. జైలు నేలమాళిగలో మూడు రోజులున్నాక, హాస్‌ను చంపింది నేనేనని కెండల్ కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ సంతకం తప్ప అతని మీద చెప్పుకోదగ్గ సాక్ష్యం ఏదీ లేదు. అది నిలిస్తే బతికినంత కాలం జైలు. నిలవకపోతే ఇంటికి. కెండల్ మాత్రలకు అలవాటు పడ్డ మనిషని అందరికీ తెలుసు కనక ఆ సంతకం మీద ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. వెల్డాకూ రాలేదు.

అక్టోబరు మొదటి శుక్రవారం సాయంత్రం ఫైర్ స్టేషన్‌లో చేపల విందు. ఎన్నికలున్న ఏడాది పోటీ చేసేవాళ్ళందరూ అక్కడికే వస్తారు. ఫైరింజన్లను బయటికి తోలి లోపల బల్లలు వేస్తారు. కాగితం ప్లేట్లలో వేయించిన చేప, క్యాబేజీ కోరు, మనిషికి పది నిమిషాల ప్రసంగం. ముందు వరుసలో కూర్చునే పాత సైనికుల్లో సగం మందికి చెవులు వినపడవు. వాళ్ళ కోసం వెల్డా ఎనిమిదేళ్ళుగా తన మెషీన్ పట్టుకొచ్చి, వేదిక మీది మాటల్ని అప్పటికప్పుడు గోడ మీది తెరకు ఎక్కిస్తోంది. ఆమెను ఎవరూ అడగలేదు, తనే మొదలుపెట్టింది. ప్లేటు పట్టుకుని జనంలో కబుర్లు చెప్పడం కన్నా ఆమెకు అదే సుఖం.

షెరీఫ్ పదవికి మళ్ళీ పోటీ చేస్తున్న టాకెట్ మాటకారి. మైకు ముందుకు రాగానే బెల్టు పైకి లాక్కుని మొదలుపెట్టాడు.

"పట్నం నుంచి వచ్చిన ఒక లాయరమ్మ నన్నడుగుతోంది, షెరీఫ్, మీ జైల్లో మనుషుల్ని హింస పెడతారంట కదా అని. హింసా? మొహం మీద తడి టవల్ వేసి నాలుగు మగ్గులు నీళ్ళు పోస్తే హింసంటారా? చిన్నప్పుడు ప్రతి శనివారం మా అమ్మ నాకు చేసేది అదే! దాన్ని మేం స్నానం అనేవాళ్ళం!"

హాలంతా గొల్లున నవ్వింది. టాకెట్ నవ్వలేదు, చెయ్యెత్తి ఆపాడు.

"చట్టం, చట్టం అంటారు. చట్టం మన ఆర్విల్‌కి ఏం చేసింది? చేసింది నేను. మూడు రోజులు వాణ్ణి కన్ను మూయనివ్వలా. మూడోనాడు టవల్ తియ్యంగానే మొత్తం కక్కేశాడు. మళ్ళీ చెయ్యమంటే మళ్ళీ చేస్తా. ఏమంటారు, చెయ్యమంటారా?"

"చెయ్యి!" అని ఎవరో అరిచారు. ఆ వెంటనే అందరూ అరిచారు. చేప ముక్కలు అక్కడే వదిలేసి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెల్డా దాదాపు ప్రతి మాటా తెర మీదికి ఎక్కించింది. వినపడనివాళ్ళకు హాల్లో ఏమవుతోందో కూడా తెలియాలి కదా, అందుకని బ్రాకెట్లలో నవ్వులు అని ఒకచోట, చప్పట్లు అని ఇంకోచోట వేసింది. తర్వాత మెషీన్ సర్దుకుని, చల్లారిన చేప తిని, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయింది. ఈ ముక్క చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ తర్వాత ఊళ్ళో ఒకరిద్దరు ఆమెను ధర్మదేవతను చేసి మాట్లాడారు. ధర్మదేవతేమీ కాదు. ఆ మాటల్లో ఒక్కటీ ఆ రోజు ఆమెను తాకలేదు.

సోమవారం ఆ ఫైలును ఎప్పటిలాగే ఊరి లైబ్రరీకి పంపింది. అక్కడ జరిగింది అసలు పొరపాటు. వెల్డా ఎప్పుడూ కొత్త ఫైలు కొత్తగా తెరవదు. కోర్టు పాత ఫైలు ఒకటి తీసి, అందులోని మాటలన్నీ చెరిపేసి, దానిలోనే రాస్తుంది. ఆమె కాలపు కోర్టు స్టెనోలందరిదీ అదే పద్ధతి. అయితే మాటలు చెరుగుతాయి కాని చివరి పేజీ చెరగదు, దానంతట అదే వచ్చి అతుక్కుంటుంది. "పైన ఉన్నది నేను స్వయంగా విని రాసినది, పూర్తిగా నిజమైన ప్రతి అని ధ్రువీకరిస్తున్నాను" అని, కింద ఆమె సంతకం, ముద్ర. ఎనిమిదేళ్ళుగా చేపల విందు ప్రసంగాల కింద ఆ పేజీ పోతూనే ఉంది. ఆ ప్రసంగాలను చివరిదాకా చదివేంత పనిలేనివాళ్ళు కౌంటీలో లేరు కనక ఎవరి కంటా పడలేదు.

ఇనెజ్ లామర్ కంట పడింది. కెండల్‌కు కోర్టు పెట్టిన లాయరు ఆమె, టాకెట్ వెటకారం చేసిన పట్నం లాయరమ్మ ఆమే. ఒక మధ్యాహ్నం కోర్టు వసారాలో వెల్డాను ఆపి కాగితాలు చూపించింది.

"మేడమ్, ఈ సంతకం మీదేనా?"

వెల్డా చివరి పేజీ చూసింది. చెవులు వేడెక్కాయి. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆమె చేసిన మొదటి తప్పు అది.

"నాదే. అది ఇక్కడ ఉండకూడదు, పొరపాటున పడింది."

"ఎలా పడినా పడింది. మంగళవారం కెండల్ ఒప్పుకోలు చెల్లుతుందా లేదా అని విచారణ. మీరు సాక్షిగా రావాలి. ఆ రోజుకి మీ కుర్చీలో ఇంకొకర్ని పెడతారు." సమన్లు చేతిలో పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "కెండల్‌ని అసలు ఎవరూ ముట్టుకోలేదని షెరీఫ్ ప్రమాణం చేసి చెప్పబోతున్నాడు. విందుకొచ్చిన వాళ్ళని నలభై మందిని అడిగానండీ. ఒక్కరికీ ఏం గుర్తులేదంట," అంది.

ఆ సాయంత్రం వెల్డా వంటింట్లో కూర్చుని, టాకెట్ ప్రసంగం ఉన్న తొమ్మిదో పేజీ చదివింది. తప్పులు దిద్దడానికి తప్ప తను రాసింది తను చదవడం ఆమెకు అలవాటు లేదు. మూడుసార్లు చదివింది. ఏదో కలగాలని తెలుసు. కలగలేదు. పళ్ళ డాక్టరు సూది పొడిచాక పెదవి కొరుక్కున్నట్టుంది, పన్ను దిగుతున్నట్టు తెలుస్తోంది గాని నొప్పి లేదు.

ఆదివారం చర్చి అయ్యాక తమ్ముడు వెర్న్ వచ్చాడు, పెళ్ళాం ఆపిల్ ముక్కలతో చేసిన తీపి రొట్టెలో సగం పట్టుకుని. జైల్లో సార్జెంటు అతను. కాఫీ పోసుకుని, అక్కకూ పోసి, కూర్చున్నాడు.

"అక్కా, నిన్నేం అబద్ధం చెప్పమనట్లా. ఆ సర్టిఫికెట్ పొరపాటున పడిందా లేదా?"

"పడింది."

"తెర మీదికి గబగబా కొట్టేటప్పుడు ఒకటీ అరా మాట పోతుందా లేదా?"

"పోతుంది."

"మరింకేం. ఆ రెండు ముక్కలూ చెప్పు. మిగతా ఏమడిగినా గుర్తులేదను. నీకేదీ గుర్తుండదని ఊరంతా ఎరిగిందేగా. వినను, రాస్తా అని నువ్వే చెప్పుకుంటావు."

"నీకెందుకురా ఇంత ఆత్రం?"

వెర్న్ తన ప్లేటులోని రొట్టె ముక్కను ఫోర్కుతో అటూ ఇటూ తోశాడు. తినలేదు.

"నీళ్ళు పట్టుకొచ్చింది నేనేనక్కా."

వెల్డా చేతిలో కప్పు కింద పెట్టింది. "ఎన్నిసార్లు?"

"నేనేం లెక్కపెట్టానా? ఎన్నిసార్లంట! నువ్వూ లాయర్ లాగే అడుగుతున్నావే!" మొహం ఎర్రబడింది. "ఆర్విల్‌ని చంపినోడక్కా వాడు. రోలండ్ బావకి మందులు తెచ్చిందెవరు? మర్చిపోయావా?"

"మర్చిపోలా. వాడేమన్నాడు?"

"ఎవరు?"

"ఫుగేట్."

వెర్న్ ఫోర్కు పక్కన పెట్టాడు. "ముందు చెయ్యలేదన్నాడు. తర్వాత చేశానన్నాడు. ఆ తర్వాత, ఏం చెప్పమంటే అది చెప్తా, ఏం చెప్పాలో చెప్పండి అన్నాడు." లేచి టోపీ పెట్టుకున్నాడు. "నాకింకా పదకొండేళ్ళ సర్వీసుంది. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. నువ్వు వాళ్ళని ఎత్తుకుని పెంచిందానివి. ఆలోచించుకో అక్కా."

తమ్ముడంటే వెల్డాకు ప్రాణం. వాడికి నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే స్కూలుకు తయారుచేసి పంపింది ఆమే. గుమ్మం దాకా వెళ్ళి కారు కనుమరుగయ్యేవరకూ నిలబడింది. ఆలోచిద్దామనే కూర్చుంది, ఏ ఆలోచనా రాలేదు. గిన్నెలు కడుక్కుంది.

సోమవారం కోర్టు కింది అంతస్తులో కాఫీ దగ్గర షెరీఫే ఎదురయ్యాడు. ఆమె కప్పులో తనే పాలు పోసిచ్చాడు.

"వెల్డాగారూ, మీరంటే మా ఇంటిల్లిపాదికీ గౌరవం. ఎన్నికల్లో అనే మాట వేరు, బైబిల్ మీద చెయ్యేసి చెప్పే మాట వేరు. ఈ తేడా మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"బైబిల్ మీద ఏం చెప్తారు?"

"ఎవరూ ముట్టుకోలేదని చెప్తా."

"రెండిట్లో ఏది నిజం రాయ్స్?"

టాకెట్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "రెండూ నిజమే. ఎక్కడి మాట అక్కడిది," అన్నాడు, చిన్నపిల్లకు లెక్క చెబుతున్నట్టు ఓపిగ్గా. ఆ పెద్దమనిషి అబద్ధమాడుతున్నానని కూడా అనుకోవడం లేదని వెల్డాకు అప్పుడు అర్థమైంది. కాఫీ తీసుకుని పైకి పోయింది.

మంగళవారం కోర్టు కిక్కిరిసిపోయింది. ఎన్నికలకు సరిగ్గా వారం. వెల్డా కుర్చీలో పక్క కౌంటీ నుంచి వచ్చిన గ్రెటా అనే అమ్మాయి కూర్చుంది. టాకెట్ చెయ్యెత్తి ప్రమాణం చేసి, ఖైదీని ఎవరూ ముట్టుకోలేదన్నాడు. ఇనెజ్ తొమ్మిదో పేజీ చదివి వినిపించింది. "అది ఎన్నికల మాటండీ, నవ్వించడానికి ఏదో అంటాం. అసలా మాటలే అన్నానో లేదో, ఆవిడ మెషీన్ ఏం కొట్టిందో ఎవరికి తెలుసు?" అన్నాడు. జనం నవ్వారు. నారింజరంగు జైలు బట్టల్లో కెండల్ ఫుగేట్ బల్ల మీద చూపు పెట్టుకుని కూర్చున్నాడు, తల ఎత్తలేదు.

ఆ రోజు వెల్డా చెప్పినదానికి ఫలితం తర్వాత వచ్చింది. ఎనిమిది రోజులకు జడ్జి డిట్మర్ ఒప్పుకోలు చెల్లదని రాశాడు. కెండల్ డిసెంబరులో ఇంటికి వెళ్ళాడు, జనవరిలో ఊరొదిలి పోయాడు. ఆర్విల్ హాస్‌ను అతనే చంపాడో లేదో ఇప్పటికీ తెలియదు, ఇక తెలియబోదు కూడా. తెలుసుకునే దారిని ఆ నేలమాళిగలోనే తొక్కేశారు. టాకెట్ తొమ్మిదో పేజీని పెద్దచ్చులో పోస్టరు వేయించి ఊరంతా అంటించుకుని, కిందటిసారి కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. వెర్న్ ఉద్యోగం పోలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. అక్క గడప మాత్రం వెర్న్ మళ్ళీ తొక్కలేదు. వెల్డా వసంతంలో పని మానేసింది. ఎందుకని అడిగితే నడుం నొప్పి అంది. అయితే ఊరు ఇప్పటికీ చెప్పుకునేది తీర్పును కాదు, బోనులో ఆమె చెప్పిన జవాబులను. చెప్పుకునేవాళ్ళలో సగం మంది ఆమెను తిడతారు.

ఆ మంగళవారం వెల్డా బోనెక్కి ప్రమాణం చేసి కూర్చుంది. అక్కడ్నుంచి గది వేరేలా ఉంది. చివరి వరుసలో వెర్న్ యూనిఫారంలో ఉన్నాడు, టోపీ ఒళ్ళో పెట్టుకుని.

"తొమ్మిదో పేజీలో ఉన్న మాటలు షెరీఫ్ టాకెట్ అన్నవేనా?" అని ఇనెజ్ అడిగింది.

గుర్తులేదు అనే మాట నాలుక చివరే ఉంది. వెర్న్ వైపు చూసింది. వాడు కళ్ళు దించేసుకున్నాడు. గ్రెటా వేళ్ళు మీటల మీద ఆగి, ఆమె ఏం చెబుతుందా అని కాచుకుని ఉన్నాయి. ఆ వేళ్ళకు తప్పుడు మాట అందించడం ఆమె వల్ల కాలేదు. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు.

"అన్నవే," అంది.

ప్రాసిక్యూటర్ లేచాడు. ఊళ్ళో అందరికీ కావలసినవాడు, ఆమెతో ఇరవై ఏళ్ళ పరిచయం. మెత్తగా మొదలుపెట్టాడు.

"ఈ సర్టిఫికెట్ పొరపాటున పడిందేనా?"

"అవును."

"తెర మీదికి వేసేటప్పుడు మాటలు తప్పిపోవడం మామూలేనా?"

"మామూలే. ఆ రోజు ఒకచోట 'మన ఊరి' అన్న మాట పోయింది. ఇంకేం పోలేదు."

అతను కాస్త తడబడి, పేజీ చేతికి తీసుకున్నాడు. "ఇక్కడ బ్రాకెట్లో నవ్వులు అని మీరే రాశారు. అంటే అందరూ దాన్ని హాస్యంగానే తీసుకున్నారన్నమాట."

"మొదటిదాన్ని తీసుకున్నారు."

"మరి రెండోది, చప్పట్లు అన్నచోట?"

"అక్కడ ఎవరూ నవ్వలేదు. నిజంగా చేశాడని తెలిసే కొట్టారు. చేసినందుకే కొట్టారు."

వెనక బెంచీల్లో గుసగుసలు లేచాయి. జడ్జి సుత్తితో బల్ల మీద కొట్టాడు. ప్రాసిక్యూటర్ అక్కడితో కూర్చోవలసింది. కోపం ఆపుకోలేక ఇంకొకటి అడిగేశాడు.

"ఊరు ఊరంతా తప్పు చేసింది, మీరొక్కరే నిప్పు, అంతేనా మిసెస్ స్టిడమ్? మీరు మాత్రం చప్పట్లు కొట్టలేదా?"

"కొట్టలేదు."

"ఎందుకని?"

వెల్డా ఒళ్ళోని చేతుల వైపు చూసుకుంది. ఏదో చెప్పింది. వినపడలేదు. ముందు వరుసవాళ్ళు కూడా మెడలు చాచారు.

గ్రెటా చెయ్యెత్తింది. "క్షమించండి మేడమ్, రికార్డులోకి రాలేదు. గట్టిగా చెప్పండి."

"నా చేతులు మెషీన్ మీద ఉన్నాయి," అని వెల్డా గట్టిగా చెప్పింది. "ఖాళీగా ఉంటే నేనూ కొట్టేదాన్ని."

గ్రెటా రాసుకుంది.